ఆనవాళ్ల సాహిత్యం: డార్ట్‌మూర్ ఉత్తరాల పెట్టెలు

చారిత్రక స్థలాన్ని చూడటం వేరు, చదవడం వేరు. చూసేవాడు కట్టడం ముందు కొద్దిసేపు నిలిచి వెళ్లిపోతాడు. చదివేవాడు ఆ రాయి అక్కడే ఎందుకు నిలిచింది, వాగు ఎటు పారుతోంది, ఏ గుట్ట ఏ దిక్కున ఉంది అని తరచి చూస్తాడు. ఇంగ్లండుకు నైరుతి మూలనున్న డెవన్ సీమలో, డార్ట్‌మూర్ అనే ఎత్తయిన బీడులో పుట్టిన ‘లెటర్‌బాక్సింగ్’ ఈ రెండవ చూపును సామాన్య యాత్రికునికి అలవాటు చేసింది. దీనిని కాలక్షేపపు ఆటగానే లెక్కించడం పరిపాటి. కాని ఈ ఆట ప్రాణం దాచిన పెట్టెలో లేదు. పెట్టెకు దారి చూపే నాలుగు వాక్యాలలో ఉంది. అందుచేత దీనిని రచనగా పరిశీలించడం సమంజసం.

1854లో చాగ్‌ఫర్డ్‌కు చెందిన జేమ్స్ పెరట్ అనే మార్గదర్శకుడు, క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల పల్లం వద్ద ఒక సీసా ఉంచాడు. బురదనేలల మీదుగా చాలాదూరం నడిచి అక్కడికి చేరినవారు తమ పేరున్న చీటీని అందులో వేసి వచ్చేవారు. కాలక్రమంలో తమ చిరునామాకే రాసుకున్న కార్డులను అక్కడ వదలడం, తరువాత వచ్చినవారు వాటిని తీసుకుపోయి తపాలాలో వేయడం ఆచారమైంది. ఉత్తరాల పెట్టె అన్న పేరు ఆ ఆచారం నుంచి వచ్చినదే. 1937లో అక్కడ రాతి పెట్టె కట్టారు. మరుసటి ఏడు డక్స్ పూల్ వద్ద నెలకొల్పిన పెట్టె, 1909లో డార్ట్‌మూర్ మార్గదర్శిని వెలువరించిన విలియం క్రాసింగ్ స్మృతికి అంకితమైంది. ఆ బీడును అడుగడుగునా నడిచి చదివిన రచయితకు, నడిచి వెళితే గాని కనిపించని స్మారకం ఎంతైనా తగినది.

నేటి పెట్టెలో ఒక రబ్బరు ముద్ర, ఒక పుస్తకం ఉంటాయి. వెదకి పట్టుకున్నవాడు పెట్టెలోని ముద్రను తన పుస్తకంలోనూ, తన సొంత ముద్రను పెట్టెలోని పుస్తకంలోనూ వేసి, పెట్టెను మళ్లీ యథాస్థానంలో దాచి వెళతాడు. ఇంటికి తెచ్చుకునేది సిరాగుర్తి ఒక్కటే. అమ్ముకోదగినదేదీ లేని నిధి ఇది.

ఇక రచన సంగతి. ఆనవాలు రాసేవాడు రెండు నియమాలకు కట్టుబడాలి. దారి తప్పించకూడదు, దారిని పూర్తిగా విప్పి చెప్పనూ కూడదు. మన పొడుపుకథకూ ఇదే ధర్మం. అయితే పొడుపుకథకు జవాబు మాట. ఆనవాలుకు జవాబు నేల. ఫలానా గుట్ట శిఖరం నుంచి ఇన్ని డిగ్రీల దిక్కు, ఒంటి చెట్టు నుంచి ఇన్ని అడుగులు అన్న వాక్యాన్ని ఇంట్లో కూర్చుని అర్థం చేసుకోలేము. అక్కడ నిలబడినప్పుడే దాని అర్థం తెలుస్తుంది.

ఈ తరహా రచన మనకు కొత్త కాదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో పలుచోట్ల రాజవంశ ప్రశస్తి సంస్కృతంలో సాగి, దానమిచ్చిన భూమికి ఎల్లలు చెప్పే ఘట్టంలో తెలుగు మాటలు వస్తాయి. ప్రశస్తిని ఏ ఊరి పండితుడైనా రాయవచ్చు. చెట్టునూ, పుట్టనూ, గుండునూ చెప్పి ఎల్ల గీయాలంటే మాత్రం ఆ ఊరి మాట కావాలి. డార్ట్‌మూర్ ఆనవాళ్లలోనూ స్థానికనామాలే బలం. గ్రానైట్ గుట్టను అక్కడ ‘టార్’ అంటారు. ప్రతి టార్‌కూ తనదైన పేరుంది. ఆ పేర్లు తెలియనివాడికి ఆనవాలు తెరుచుకోదు.

ఈ ఆటలో గమనించవలసిన మరో అంశం దాని నీతి. చారిత్రక స్థలానికి వెళ్లిన మనిషికి ‘నేను వచ్చాను’ అని చెప్పుకోవాలన్న కోరిక బలమైనది. కోటగోడల మీద, మండపస్తంభాల మీద మేకుతో గీసిన పేర్లన్నీ ఆ కోరిక మిగిల్చిన గాయాలే. నిషేధపు పలకలు ఆ కోరికను అణచలేకపోయాయి. ఉత్తరాల పెట్టె దానిని అణచకుండా దానికొక కాగితం చూపించింది. డార్ట్‌మూర్ నియమావళి మరింత స్పష్టంగా, శిలాపంక్తులు, శిలావలయాలు, సమాధి దిబ్బలు, పాత గోడలు, శిథిలాలు మొదలైన వాటిలోగాని, వాటి చెంతగాని పెట్టెలు దాచరాదన్నది. సిమెంటు వాడి స్థిరపరచరాదన్నది. గ్రిమ్స్‌పౌండ్ వంటి చోట, కంచుయుగపు 24 గుడిసెల రాతిపునాదులు నేటికీ నిలిచి ఉన్నాయి. అక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్క రాయిని కదిపి చూస్తే చరిత్రే చెదిరిపోతుంది.

లోపాలూ లేకపోలేదు. నూరు ముద్రలు సేకరించినవారికి సభ్యత్వమిచ్చే సంఘం ఏర్పడి, పెట్టెలు వేలకు పెరిగాక, చదవడం కంటె లెక్కపెట్టడం ముఖ్యమైంది. 1998లో స్మిత్సోనియన్ పత్రిక వ్యాసం ద్వారా ఈ ఆట అమెరికాకు చేరింది. అక్కడ చేతితో చెక్కిన ముద్రలకూ, కథలుగా అల్లిన చిక్కు ఆనవాళ్లకూ ఆదరణ లభించి రచన కొంత తేరుకుంది. కాని 2000 మే 2న అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ సంకేతాలలోని కృత్రిమమైన లోపాన్ని తొలగించగా, మరునాడే ఓరెగాన్‌లో ఒక డబ్బాను దాచి, అది ఉన్న అక్షాంశ రేఖాంశాలను ప్రకటించారు. జియోకాషింగ్ అలా మొదలైంది. అందులోనూ చిక్కుముడులు అల్లినవారున్నారు. అయినా మూలసూత్రం అంకెలే. వాక్యం స్థానంలో అంకె వచ్చినప్పుడు నడిచేవాని చూపు గుట్టను విడిచి చేతిలోని పరికరం మీద నిలుస్తుంది. గమ్యం దొరుకుతుంది, స్థలం దొరకదు.

మన దేశంలో ఈ ఆటను ప్రవేశపెట్టాలన్న ఉత్సాహం కలిగినవారు ముందుగా ఒక మాట బరువును తూచాలి. తెలుగునాట నిధివేట అనగానే స్ఫురించేది వినోదం కాదు. గుప్తనిధుల ఆశతో పాడుబడిన గుడులలో నందుల కింద, గర్భాలయాలలో తవ్విన గోతులు స్ఫురిస్తాయి. పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నా, ఆ గోతులు ఆగలేదు. ఇటువంటి చోట శిథిలాలయంలో ఒక డబ్బా దాచి ‘వెదకండి’ అనడం, ఆట తెలియనివాని చేతికి గునపం అందించడమే అవుతుంది.

అందువల్ల మనం గ్రహించవలసినది పెట్టెను కాదు, ఆనవాలును. ముద్రను కట్టడానికి దూరంగా, ప్రదర్శనశాలలోనో గ్రామ గ్రంథాలయంలోనో ఉద్యోగి వద్ద ఉంచవచ్చు. స్తంభాల వరుసను లెక్కించి, చెరువుతూము దిక్కును గుర్తించి, శాసనంలోని ఊరిపేరును పోల్చుకున్నవానికే ఆ ముద్ర దక్కేలా ఆనవాళ్లు రాయించవచ్చు. తవ్వవలసిన పని గాని, రాయి కదపవలసిన పని గాని అందులో ఉండరాదు. ఆ రచనను ప్రకటనలు రాసేవారికి అప్పగించక, ఊరి పేర్లూ గుట్టల పేర్లూ ఎరిగిన స్థానికులకు, భాష మీద అధికారమున్న రచయితలకు కలిపి అప్పగించాలి. మంచి ఆనవాలు చదివిన బాలుడు స్తంభం మీద తన పేరు గీయడు. ఆ స్తంభం ఎన్నవదో అప్పటికే అతనికి తెలిసి ఉంటుంది.