న్యాల్‌కల్ నుంచి మండలికి

కర్ణాటక సరిహద్దున ఉన్న న్యాల్‌కల్ మండలంలో పద్దెనిమిదేళ్లు నిండిన ఓటర్లంతా జహీరాబాద్ ఎమ్మెల్యేను నేరుగా ఎన్నుకుంటారు. శాసనసభకు దారి అదొక్కటే. శాసన మండలికి మాత్రం ఇదే మండలం నుంచి నాలుగు దారులున్నాయి. డిగ్రీ చదివినవాళ్లు మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల స్థానానికి ఓటేస్తారు. హైస్కూలు పంతుళ్లకు ఉపాధ్యాయ స్థానం ఉంది. ఎంపీటీసీలు, జెడ్పీటీసీ మెదక్ స్థానిక సంస్థల స్థానానికి ఓటేస్తే, జనం గెలిపించిన ఎమ్మెల్యే మరో 14 మందిని ఎన్నుకోవడంలో పాలుపంచుకుంటారు. స్థానిక సంస్థల కోటా కూడా 14. పట్టభద్రులకు మూడు, ఉపాధ్యాయులకు మూడు, గవర్నర్ నామినేట్ చేసేవి ఆరు. మొత్తం నలభై. ఒకే మనిషిని ఊరి ఓటరుగానే కాక చదువును బట్టి, వృత్తిని బట్టి కూడా లెక్కలోకి తీసుకున్న రాజ్యాంగం 171వ అధికరణం పనితనం నాకు ఎంతో ఇష్టం.

అది అక్కరకొచ్చిన సందర్భం జహీరాబాద్‌లోనే ఉంది. మహమ్మద్ ఫరీదుద్దీన్ 1999, 2004లో ఇక్కడ ఎమ్మెల్యేగా గెలిచారు, మంత్రిగానూ పనిచేశారు. పునర్విభజనలో 2009 ఎన్నికల నుంచి ఈ స్థానం ఎస్సీలకు రిజర్వయింది. అది న్యాయమే. అయితే ఆయన అనుభవం వృథా పోలేదు. 2016లో ఎమ్మెల్యేల కోటాలో మండలికి వెళ్లారు.

పట్టభద్రుల బ్యాలెట్‌ను దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. ఈవీఎం ఉండదు. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి. టిక్కు పెడితే ఓటు చెల్లదు. చెల్లిన ఓట్లలో సగానికి మించి ఒక్కటైనా వస్తేనే కోటా అందినట్టు. ఎవరికీ అందకపోతే అందరికన్నా వెనకున్న అభ్యర్థిని తప్పించి, ఆయన కట్టలోని ఒక్కో కాగితం విప్పి, రెండో అంకె ఎవరికి ఉంటే వాళ్లకు కలుపుతారు. ఓడిన అభ్యర్థిని ఇష్టపడ్డ ఓటరు మాట కూడా అలా చివరిదాకా లెక్కలో ఉంటుంది. మా పట్టభద్రుల స్థానానికి 2025 మార్చి 3న మొదలైన లెక్కింపులో మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, 5న అభ్యర్థి అంజిరెడ్డి గెలుపు ప్రకటించారు. అంత ఓపిక పట్టడం ఓటుకిచ్చే మర్యాద.

మండలి బిల్లును మొదట మూడు నెలలు, సభ మళ్లీ పంపితే ఇంకో నెల ఆపగలదు. ద్రవ్య బిల్లునైతే 14 రోజులే. ఆఖరి మాట నేరుగా గెలిచిన సభదే, అలా ఉండటమే సబబు. ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఉపాధ్యాయ స్థానంలో ఓటు లేకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. అక్షరాలు దిద్దించేవాళ్లను వదిలేసి చదువు గురించి ఎవరిని అడుగుతాం?

న్యాల్‌కల్ పట్టభద్రులకు ఒక మాట. ఈ ఓటర్ల జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు, పాత నమోదు పనికిరాదు. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటితే, నోటిఫికేషన్ రాగానే ఫారం 18 నింపి ఇవ్వండి.