పలక అంటే అలక

ఇరవై ఆరేళ్లుగా చిన్న తరగతులకు ఉక్తలేఖనం చెబుతున్నాను. అందులో ఇరవై అయిదేళ్లు ఒకటే తీరు. చేతిలో వాచకం పట్టుకుని వరసల మధ్య నడుస్తూ ఒక్కో మాటను మూడేసి సార్లు పలుకుతాను. మూడోసారి కొంచెం సాగదీస్తాను. నడక ఎందుకంటే, పక్కవాడి పలకలోకి తొంగిచూసేవాళ్లను పట్టుకోవడానికి. నాకు చదువు చెప్పిన పంతులుగారూ అలాగే నడిచేవారు. మంచి పద్ధతనే అనుకున్నాను.

పోయిన ఏడాది యర్రగొండపాలెంలో మా బడికి ఒక పిల్లవాడు వచ్చాడు. రెండో తరగతి. పత్తి చేలల్లో కూలికి పోయే ఇల్లు. అంతకుముందు చదివిన చోట మొద్దు అని పేరు పడింది. చేర్పించడానికి వచ్చినప్పుడే వాళ్లమ్మ చెప్పింది: "పిలిస్తే పలకడు టీచరమ్మా. మొండోడు. రెండు తగిలిస్తే గానీ మాట వినడు."

నేనూ నమ్మాను. దసరా సెలవుల దాకా వాణ్ణి రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. రెండుసార్లు గది బయట నిలబెట్టాను. ఆ రెండు రోజులూ నాకు తేదీలతో సహా గుర్తున్నాయి.

కార్తీకంలో ఒకరోజు సంత, చెరువు, మబ్బు, పలక అంటూ పది మాటలు చెప్పాను. వాడి పలక చేతికి తీసుకుంటే సంత ఉండాల్సిన చోట 'అంత', చెరువు చోట 'ఎరువు', పలక చోట 'అలక'. మబ్బు మాత్రం సరిగ్గా ఉంది. సున్నాలు చుట్టబోయి ఆగిపోయాను. అక్షరాలు రానివాడు చేసే తప్పులు నాకు బాగా తెలుసు. ఒత్తు వదిలేస్తాడు, గుణింతం తడబడతాడు, పలకను 'పకల' చేస్తాడు. వీడి గుణింతాల్లో వంక లేదు. అలక అన్న మాట ఉంది, ఎరువు ఉంది. విన్నది విన్నట్టు శుభ్రంగా రాశాడు. మాట మొదట్లో ఉన్న హల్లు ఒక్కటే వాడిదాకా చేరలేదు. క చ ట త పలను వ్యాకరణంలో పరుషాలంటాం గానీ, అవి గొంతు మోగకుండా ఒట్టి ఊపిరితో పలికే అక్షరాలు. సకారమూ అంతే. దూరం పోవు. మకారం మోగుతుంది, అందుకే మబ్బు చేరింది.

వాడి ఎదురుగా వెళ్లి నిలబడి మళ్లీ 'పలక' అన్నాను. కళ్లు నా పెదాల మీద పెట్టి చూశాడు. పెదాలు కలిసి విడివడ్డాయి. 'పలక' అని రాశాడు. తర్వాత వాడి వెనక్కి పోయి, అదే గొంతుతో 'చిలక' అన్నాను. వాడు కదల్లేదు. మిగతావాళ్ల బలపాలు కదలడం చూసి, మెల్లగా పక్కవాడి పలక వైపు మెడ తిప్పాడు.

అన్నాళ్లూ కాపీ కొడుతున్నాడని నేను తిట్టింది దానికి.

సాయంత్రం వాళ్లమ్మకు కబురు పంపితే నాయనమ్మ కూడా వచ్చింది. వినపడటం లేదంటే ఆమెకు కోపం వచ్చింది. జలుబు చేసినప్పుడల్లా వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె రెండు చుక్కలు పోస్తూనే ఉన్నానంది. ఆ గోరువెచ్చని నూనె చుక్క నాకూ తెలుసు. మా అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పోయించుకున్నాను. దాన్ని వెక్కిరించే మనసు నాకు లేదు. కానీ పిల్లవాడి బాధ నూనె చేరే చోట లేదు.

గుంటూరు తీసుకెళ్లాం. త్రిపురాంతకం, వినుకొండ మీదుగా బస్సులో నేనూ వెళ్లాను. అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా ఒక పూస తీసి గిన్నెలో వేయమన్నారు. ఆటలాగే ఆడాడు. చాలాసేపు గిన్నెలో పూస పడలేదు. రెండు చెవుల్లోనూ 35 డెసిబెల్స్ దాకా పెంచితే గానీ వినపడలేదని తేలింది. మామూలు మాట 60 ఉంటుంది, గుసగుస 30. తరువాత చెవిలోకి కొంచెం గాలి ఒత్తిడి పంపి గీసే పరీక్ష చేశారు. కొండలా లేవాల్సిన గీత చదునుగా పడుకుంది. కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు.

చెవికీ ముక్కు వెనక భాగానికీ మధ్య సన్నటి నాళం ఒకటుంది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని కర్ణభేరి వెనక గదిలోకి గాలి పంపుతుంది. పెద్దవాళ్లలో ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. జలుబు వల్లో, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాపు వల్లో ఆ దారి మూసుకుపోతే లోపలి గాలి ఇంకిపోయి నీరు ఊరుతుంది. రోజులు గడిచేకొద్దీ బంకలా చిక్కబడుతుంది. చాలామంది పిల్లల్లో నొప్పీ జ్వరం ఉండవు, చీము కారదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. నాయనమ్మకు నేను ఒక్క మాటే చెప్పాను: "తడిసిన డప్పు మోగుతుందా అవ్వా?" ఆమెకు వెంటనే అర్థమైంది.

డాక్టరు గారు కత్తి పట్టుకోలేదు. మూడు నెలలు ఆగి రమ్మన్నారు. ఎక్కువమంది పిల్లల్లో ఆ నీరు దానంతటదే తగ్గిపోతుందట. ఆ మూడు నెలల్లో నా తరగతి మారింది. వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టాను. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడటం మానేశాను, ఎందుకంటే ఆ మాట గోడకే పోతుంది. ఉక్తలేఖనం చెప్పేటప్పుడు ఫ్యాన్ ఆపించాను. నడక మానేసి ఒకచోట నిలబడ్డాను. వాడికోసం చేసిన ఈ మార్పులతో మరో నలుగురి పలకలు కూడా బాగుపడ్డాయి. ఆ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

మాఘం దాటినా వాడి గీత లేవలేదు. అప్పుడు గ్రోమెట్లు వేశారు. మత్తు ఇచ్చి, మైక్రోస్కోపు కింద కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, లోపలి బంకను పీల్చేసి, ఆ గాటులో మిల్లీమీటరో రెండో ఉండే గొట్టాన్ని కూర్చోబెడతారు. మూసుకుపోయిన నాళం చేయాల్సిన పని ఆ గొట్టం చేస్తుంది, గదికి గాలి ఆడుతుంది. కర్ణభేరికి రంధ్రం చేస్తే వినికిడి రావచ్చని 1801 నాటికే లండన్‌లో ఆస్ట్లీ కూపర్ రాశాడు. కానీ గాటు త్వరగా పూడుకుపోయేది. ఆ శతాబ్దంలోనే వియన్నాలో పొలిట్జర్ రబ్బరు ముక్క పెట్టి చూశాడు. 1954లో అమెరికా డాక్టరు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టంతో మొదలుపెట్టాకే ఈ పద్ధతి నిలబడింది. గొట్టం సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిన్నరలోపు తనంతట తానే ఊడి బయటికొస్తుంది. కొందరికి మళ్లీ వేయాల్సి వస్తుంది. అది ఉన్నన్నాళ్లూ చెవిలో నూనె పోయకూడదు, ఊరి చెరువులో మునగకూడదు. నాయనమ్మ నూనె గిన్నె దాచేసింది.

గొట్టం వేసినా వేయకపోయినా ఏడాది రెండేళ్లకు చాలామంది పిల్లల వినికిడి ఒక్కలాగే ఉంటుందనేవాళ్లున్నారు. అది నిజమే కావచ్చు. మేలు ఎక్కువగా కనిపించేది మొదటి నెలల్లోనే. కానీ రెండో తరగతి పిల్లవాడికి ఆ నెలలే చదువు. ఈలోపు పడ్డ మొద్దు అనే పేరు నీటితో పాటు ఇంకిపోదు.

తిరుగు ప్రయాణంలో వినుకొండ బస్టాండులో హారన్ మోగితే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఇంటికెళ్లాక పొయ్యిలో పుల్లలు చిటపటమంటే అదేమిటని అడిగాడట. వారం తర్వాత బడికొచ్చాడు. మాది మార్కాపురం పలకల సీమ. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పలకల మీద ఓనమాలు దిద్దారు. వాడూ అలాంటి పలకే ఒళ్లో పెట్టుకుని ఒక గీత గీసి, ఆగి, మళ్లీ గీశాడు. "టీచర్, బలపం కుయ్‌మంటోంది" అన్నాడు. ఏడేళ్ల పిల్లవాడు బలపం చప్పుడు కొత్తగా వింటున్నాడు. ఆ రోజు ఉక్తలేఖనం చెప్పడానికి నాకు గొంతు రాలేదు. మర్నాడు వాడి వెనక నిలబడి చెప్పాను. సంత, చెరువు, పలక. మూడూ రాశాడు. సకారం తలకట్టు వంకరగా ఉంది. దిద్దలేదు.

బడి పిల్లలను ఏడాదికోసారి, అంగన్‌వాడీ పిల్లలను రెండుసార్లు పరీక్షించాలని 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చెబుతోంది. దాని జాబితాలో వినికిడి లోపం ఉంది, చెవి జబ్బూ ఉంది. అయితే ఆ బృందం ఒక పిల్లవాడి దగ్గర ఉండేది కొన్ని నిమిషాలు. మనం ఏడాది పొడవునా ఉంటాం. వాడి మాట మనకు రోజూ రాతలో కనిపిస్తుంది.

నాతోటి టీచర్లకు ఒక విన్నపం. ఈ జూన్‌లో బడి తెరిచాక ఒక ఉక్తలేఖనం పిల్లల వెనక నిలబడి, గొంతు పెంచకుండా చెప్పండి. ఆ రోజుకు మార్కులు వేయకండి, తప్పులను చదవండి. పలక అంటే అలక అని ఎవరైనా రాస్తే, తిట్టకముందు వాళ్లమ్మను పిలిచి చెవి చూపించమనండి.