పరాయి ఇంజనులో ఎస్‌యు సూది

పాత బ్రిటిష్ కార్బురేటర్లలో ఎస్‌యుకి ఒక అరుదైన గుణం ఉంది. తన కోసం పుట్టని ఇంజను మీద కూడా అది కుదురుకోగలదు. ఎంజి, మోరిస్, జాగ్వార్ కార్లతో పేరు తెచ్చుకున్న ఈ కార్బురేటర్‌ను స్వీడన్‌లో వోల్వో తన పి1800 కారుకు జంటగా పెట్టుకుంది. జపాన్‌లో హిటాచీ ఇదే పద్ధతిలో చేసినవి డాట్సన్ 240జెడ్ ఇంజను మీదికి ఎక్కాయి. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లకు దీన్ని బిగించుకున్న వాళ్లున్నారు. పని కంపెనీలో జరిగినా, ఊరి చివర షెడ్డులో జరిగినా అందులో కష్టం ఎక్కడుందని అడిగితే చాలామంది మానిఫోల్డ్ చేయించడంలోనో బోల్టు రంధ్రాలు కలపడంలోనో అంటారు. నేను ఒప్పుకోను. అవి లేతు మెషీను ఉన్న ఎవరైనా చేసిపెట్టే పనులు. అసలు విద్యంతా కార్బురేటర్ లోపల వేలాడే వేలెడంత సూదిలో ఉంది.

దీన్ని కనిపెట్టిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్‌ది లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. లిల్లీ అండ్ స్కిన్నర్ దుకాణాలు వాళ్లవే. అందుకేనేమో, తొలి కార్బురేటర్లలో ఇప్పుడున్న లోహపు పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేది. 1910లో తమ్ముడు కార్ల్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. స్కిన్నర్ యూనియన్ అన్న మాటల పొడి అక్షరాలే ఎస్‌యు. 1926లో దాన్ని మోరిస్ కార్ల యజమాని విలియం మోరిస్ కొన్నాడు. ఆ తర్వాత సగం ఇంగ్లండు కార్లు ఈ కార్బురేటర్‌తోనే ఊపిరి తీశాయి.

మామూలు కార్బురేటర్‌లో గాలి వెళ్లే గొంతు కొలత మారదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ గొంతులో గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగ్గా చిమ్మదు. అందుకే ఐడ్లింగ్‌కి ఒక జెట్టు, మెయిన్ జెట్టు ఒకటి, పికప్ కోసం చిన్న పంపు ఒకటి పెట్టాల్సి వస్తుంది. ఎస్‌యులో జెట్టు ఒక్కటే. ఇంజను ఎంత గాలి అడిగితే పిస్టన్ అంత పైకి లేస్తుంది, దారి అంత తెరుచుకుంటుంది. దాంతో జెట్టు మీదుగా పోయే గాలి వేగం ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. పిస్టన్‌కి బిగించిన సూది కింది కొసకు పోనుపోను సన్నబడుతుంది. పిస్టన్ లేచినకొద్దీ జెట్టులో సూది చుట్టూ సందు పెరుగుతుంది, ఆ సందులోంచే పెట్రోలు వస్తుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పిస్టన్ ఎగిరిపడకుండా పైనున్న గొట్టంలోని నూనె దాన్ని కాసేపు ఆపుతుంది. ఆ కాసేపట్లో గాలి వేగం పెరిగి పెట్రోలు కాస్త ఎక్కువగా వస్తుంది. పికప్‌కి వేరే పంపు అక్కర్లేదు. ఆ నూనె ఉండాల్సినంత లేకపోతే బండి వెనక్కి లాగినట్టు ఉంటుంది. చాలా షెడ్లలో ముందు చూడాల్సిన దీన్నే చివర చూస్తారు.

ఇంజను అడిగినదాన్ని బట్టి తానే సర్దుకుంటుంది కనుక, కొత్త ఇంజను మీద పెట్టినా ఎస్‌యు మొదటి రోజే ఎంతో కొంత నడుస్తుంది. మామూలు రకమైన వెబర్ కార్బురేటర్ అలా నడవదు. మోసం కూడా ఇక్కడే ఉంది. నడుస్తోంది కదా అని వదిలేస్తారు.

మనకు తెలిసిన బండినే తీసుకుందాం. అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. ఎంజిఎ స్పోర్ట్స్ కారు మొదట వచ్చింది ఇదే 1489 సీసీతో, రెండు ఎస్‌యులతో. తర్వాతి ఎంజిబిలో ఆ ఇంజనే 1798 సీసీకి పెరిగింది, దానికి జంట హెచ్‌ఎస్4లు పెట్టారు. (హెచ్‌ఎస్ పక్కనున్న అంకె, ఒక అంగుళం మీద ఇంకా ఎన్ని ఎనిమిదో వంతులున్నాయో చెబుతుంది. 4 అంటే అంగుళంన్నర, 6 అంటే అంగుళం ముప్పావు, 8 అంటే రెండంగుళాలు.) ఇంకేం, ఎంజిబి జంటను తెచ్చి అంబాసిడర్‌కి పెడితే సరి అనిపిస్తుంది. కానీ ఎంజిబి సూదిని ఆ సీసీకి, ఆ కామ్‌షాఫ్ట్‌కి, ఆ సైలెన్సరుకి సరిపోయేలా ఎంచారు. కుటుంబం ఒకటే అయినా ఊపిరి వేరు.

పైగా బి-సిరీస్ హెడ్డులో నాలుగు సిలిండర్లకు గాలి దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకు ఒక దారి. మూడు, నాలుగుకు ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే రెండోది పీల్చిన వెంటనే అదే దారిలోంచి ఒకటోది పీలుస్తుంది, ఆ తర్వాత ఆ దారి కాసేపు ఊరకే ఉంటుంది. మూడు వెంట నాలుగుదీ ఇదే వరస. గాలి కుదుపులుగా వస్తుంది. 240జెడ్‌లో ఒక్కో కార్బురేటర్ మూడేసి సిలిండర్లకు సమాన విరామాలతో గాలినిస్తుంది కాబట్టి పిస్టన్ నిలకడగా తేలుతుంది. అక్కడ సరిపోయిన సూది ఇక్కడా సరిపోతుందని ఏ పుస్తకమూ చెప్పలేదు.

సూదిని చదవడం ఇలా. పై భుజం నుంచి కింది కొస దాకా అంగుళంలో ప్రతి ఎనిమిదో వంతుకు ఒకచోట దాని మందాన్ని మైక్రోమీటరుతో కొలుస్తారు. జెట్టు రంధ్రం 0.090 అంగుళమైతే భుజం దగ్గర సూది మందం 0.089. చుట్టూ మిగిలే సందు అరవెయ్యో వంతు అంగుళం. ఐడ్లింగ్ మిక్చర్ అక్కడ తేలుతుంది. నడుమ భాగం మామూలు నడకకు, కింది కొస పూర్తి యాక్సిలరేటర్‌కి. జెట్టు నట్టు తిప్పితే సూది పొడుగునా మిక్చర్ ఒకేసారి మారుతుంది. ఐడ్లింగ్ సరిగా ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం లీనవుతుంటే, అంటే పెట్రోలు తక్కువవుతుంటే, నట్టు తిప్పి లాభం లేదు. భుజం దగ్గర అదే మందం ఉండి కింద సన్నగా ఉన్న సూది వెతకాలి. అలాంటివి వందల రకాలున్నాయి. ఎంజిబికే మొదట ఎంబి అనే సూది, తర్వాత 5 అనేది వాడారు.

మిక్చర్ లీనో, పెట్రోలు ఎక్కువై రిచ్చో ప్లగ్గులు చెబుతాయి. తెల్లగా ఉంటే లీను, మసి పడితే రిచ్చు. కానీ ఐడ్లింగ్‌లో చూసిన ప్లగ్గు ఐడ్లింగ్ సంగతే చెబుతుంది. ఎత్తు మీద లోడుతో లాగించి, అక్కడికక్కడే ఇంజను ఆపి విప్పాలి. ఇప్పుడు సైలెన్సరు గొట్టంలో లాంబ్డా సెన్సర్ పెట్టి అంకెలే చూస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, నేనైతే రెండూ చూడమంటాను.

పిస్టన్‌ను కిందకు నొక్కే స్ప్రింగు కూడా ఉంది. నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వాటి బలాన్ని చెబుతాయి. బలమైన స్ప్రింగు పెడితే పిస్టన్ తక్కువ లేస్తుంది, మిక్చర్ రిచ్చవుతుంది. సూది లెక్క మొత్తం తారుమారవుతుంది. కనుక ముందు స్ప్రింగు, తర్వాతే సూది.

మిగతావి జాగ్రత్త ఉంటే చాలు. ఫ్లోటు గిన్నె నిటారుగా నిలబడాలి. ఎస్‌యు ఫ్లోటు వాల్వు మూడు పౌండ్లకు మించిన ఒత్తిడి తట్టుకోదు, బలమైన పంపున్న ఇంజనుకు రెగ్యులేటర్ తప్పదు. థ్రాటిల్ షాఫ్టు అరిగి గాలి లాగుతుంటే ఏ సూదీ పనిచేయదు. జెట్టును సూదికి నడిమధ్యకు తేవాలి: వేలితో ఎత్తి వదిలిన పిస్టన్ కిందకు దిగి టక్కున చప్పుడు చేయాలి. జంటగా ఉంటే రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండింటి బుస సమం చేయాలి. తర్వాత పిస్టన్‌ను పిసరంత ఎత్తి చూడాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్చు, తడబడి ఆగబోతే లీను, కాస్త పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరి.

ఈ విద్య అవసరం ఇప్పుడు పెరిగింది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత కొలతల సూది మీద లీనుగా మండుతుంది. వేరే సూది దొరకనప్పుడు ఉన్నదాన్నే సన్నని ఎమరీ కాగితంతో అవసరమైన చోట రుద్దుతారు. తగ్గించిన లోహాన్ని మళ్లీ పెట్టలేం గనుక ఒక్కోసారి వెయ్యో వంతులో సగానికి మించి తీయకూడదు. అలా రుద్దిన మరుక్షణం సూది మొదట్లో చెక్కిన గుర్తు అబద్ధమవుతుంది. రేపు ఆ బండి విప్పేవాడు ఆ గుర్తు చూసి మోసపోతాడు. అందుకే కొత్త మందాలు కొలిచి, స్ప్రింగు రంగుతో సహా కాగితం మీద రాసి, బండి పత్రాలతో పాటే ఉంచాలి.