వేగం దాగుతుంది, ఇబ్బంది దాగదు

2019లో ఫార్ములా వన్ సీజన్‌కు ముందు బార్సిలోనా సర్క్యూట్‌లో జట్లన్నీ ఎనిమిది రోజులపాటు కొత్త కార్లను పరీక్షించుకున్నాయి. చివరి రోజు ముగిసేసరికి పట్టికలో మొదటి పేరు ఫెరారీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్‌ది. 1 నిమిషం 16.221 సెకన్లలో ల్యాప్ పూర్తి చేశాడు. మెర్సిడెస్‌లో లూయిస్ హామిల్టన్ అతనికన్నా 0.003 సెకను మాత్రమే వెనకబడ్డాడు. ఆ ఏడు ఫెరారీదే పైచేయి అని అభిమానులు చాలామంది తేల్చేశారు. రెండు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో మెర్సిడెస్ మొదటి రెండు స్థానాలూ తీసుకుంది. నాలుగో స్థానంలో వచ్చిన వెటెల్, విజేత వాల్టెరి బొట్టాస్‌కు దాదాపు నిమిషం వెనకున్నాడు. సీజన్‌లో మొదటి ఎనిమిది రేసులూ మెర్సిడెస్‌వే. టెస్టింగ్‌లో కనిపించేదంతా మాయ, దాని మీద వాదులాడుకోవడం వృథా అనేవాళ్లు ఇప్పటికీ చూపించే సాక్ష్యం ఇదే. ఆ సాక్ష్యం నిజమే కానీ దాన్నుంచి వాళ్లు తీసే తీర్పు తప్పు. టెస్టింగ్‌లో అన్నీ ఒకే స్థాయిలో దాగవు. వేగాన్ని దాచడం తేలిక, ఇబ్బందిని దాచడం కష్టం. ఈ తేడా పట్టుకున్న అభిమానికి ఆ కొద్ది రోజుల్లో దొరికే సమాచారం తక్కువేమీ కాదు.

ముందు దాగే వాటి సంగతి. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలో బండ బరువెంతో మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు, అందుకే ఏ జత ఎంత దూరం లాగిందో చూసి గెలుపు నిర్ణయించవచ్చు. టెస్టింగ్‌లో ప్రతి జట్టూ తనకిష్టమైన బరువుతో తిరుగుతుంది, అదెంతో పక్క గ్యారేజీకి కూడా చెప్పదు. 2025 వరకు రేసులో ఒక కారు 110 కిలోల వరకు ఇంధనం వాడగలిగేది. బహ్రెయిన్ లాంటి సర్క్యూట్‌లో ప్రతి 10 కిలోలకూ ల్యాప్‌లో సుమారు 0.3 సెకను పోతుంది. అంటే ఒక జట్టు 10 కిలోలతోనూ, మరో జట్టు 60 కిలోలతోనూ తిరిగితే, రెండు కార్లూ సమానమైనవే అయినా పట్టికలో ఒకటిన్నర సెకన్ల తేడా కనిపిస్తుంది. ఆ తేడాలో సగం గ్రిడ్ ఇమిడిపోతుంది. దీనికి టైర్లు తోడు. పిరెల్లీ టైరు ఒక మెట్టు మెత్తనైతే సెకనులో కొన్ని పదోవంతులు కలిసొస్తాయి. ఇంజిన్‌ను పూర్తి శక్తితో నడపకుండా తగ్గించి ఉంచవచ్చు. బహ్రెయిన్‌లో మధ్యాహ్నపు ఎండలో వేసిన ల్యాప్‌కూ, దీపాలు వెలిగాక చల్లబడిన ట్రాక్ మీద వేసిన ల్యాప్‌కూ పోలికే లేదు. కాబట్టి రోజు చివర పత్రికల్లో వచ్చే పట్టికను చూసి ఎవరు ముందో చెప్పడం నిలబడే పని కాదు. ఈ సంగతి అనుభవం ఉన్న అభిమానులందరికీ తెలుసు.

వాళ్లు చూసేది లాంగ్ రన్‌లను. ఆగకుండా పదిహేను, ఇరవై ల్యాప్‌లు తిరిగే పరుగులివి. ఇక్కడొక చక్కని తర్కం ఉంది. కారులో ఇంధనం ఎంతుందో బయటివాళ్లకు తెలియదు కానీ, కనీసం ఎంత ఉండి తీరాలో లెక్కకట్టవచ్చు. బహ్రెయిన్ రేసు 57 ల్యాప్‌లు. 2025 వరకు ల్యాప్‌కు రెండు కిలోలకు కాస్త తక్కువ ఖర్చయ్యేది. ఆ లెక్కన ఇరవై ల్యాప్‌లు ఆగకుండా తిరిగిన కారు మొదట్లో కనీసం 37, 38 కిలోలతో బయల్దేరినట్టే. అదే కారు టైర్లు మార్చుకోవడానికి మాత్రం ఆగుతూ, గ్యారేజీలోకి వెళ్లకుండా 57 ల్యాప్‌లూ పూర్తిచేస్తే నిండు ట్యాంకుతో మొదలుపెట్టిందని తేలిపోతుంది. బండ బరువు బయటపడే సందర్భం టెస్టింగ్ మొత్తంలో ఇదొక్కటే. ఇంకో మెట్టు పైకి వెళ్తే టైర్ల అరుగుదల కూడా చిక్కుతుంది. ఇంధనం కరుగుతున్నకొద్దీ కారు తేలికై ల్యాప్‌కు సుమారు 0.05 సెకను చొప్పున వేగం పెరగాలి. ఇరవై ల్యాప్‌ల తర్వాత కూడా సమయం మొదటి ల్యాప్‌లో ఉన్నట్టే ఉంటే, ఆ మేరకు, అంటే దాదాపు ఒక సెకను, టైర్లు తినేశాయన్నమాట. అదే పరుగులో సమయాలు నెమ్మదిగా మెరుగవుతుంటే ఆ కారు టైర్లను కాపాడుకుంటోందని అర్థం. కాగితం, కలం, లైవ్ టైమింగ్ ఉంటే చాలు, ఈ లెక్క ఎవరైనా వేయవచ్చు.

2025లో బహ్రెయిన్ టెస్టింగ్ రెండో రోజు ఈ పద్ధతి విలువను స్పష్టంగా చూపింది. ఆ రోజు పట్టికలో మొదటి స్థానం విలియమ్స్ డ్రైవర్ కార్లోస్ సైన్జ్‌ది, 1 నిమిషం 29.348 సెకన్లు. మూడు రోజుల టెస్టింగ్‌లోనూ అదే అత్యంత వేగమైన ల్యాప్‌గా నిలిచింది. అదే రోజు మెక్‌లారెన్‌లో లాండో నోరిస్ రేసు దూరపు పరుగు తీశాడు. ఆ సమయాలను అలాంటి పరుగులే తీసిన ఫెరారీ, మెర్సిడెస్ సమయాల పక్కన పెట్టి చూసినవాళ్లు మెక్‌లారెన్ స్పష్టంగా ముందుందని చెప్పారు. పట్టికను చూసినవాళ్ల కళ్లు సైన్జ్ మీదే నిలిచాయి. ఆ ఏడు చివరికి జట్ల టైటిల్ మెక్‌లారెన్‌కూ, డ్రైవర్ల టైటిల్ నోరిస్‌కూ దక్కాయి. విలియమ్స్ ఐదో స్థానంలో ముగించింది. 2023లోనూ ఇలాగే, అంతకుముందు ఏడాది ఏడో స్థానంలో ముగించిన ఆస్టన్ మార్టిన్ ముందు వరుసకు చేరిందని ఫెర్నాండో అలోన్సో లాంగ్ రన్‌లు చూసినవాళ్లు గ్రహించారు. అలోన్సో మొదటి ఎనిమిది రేసుల్లో ఆరుసార్లు పోడియం ఎక్కాడు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇబ్బందులది. 2014లో హైబ్రిడ్ ఇంజిన్లు మొదటిసారి వచ్చినప్పుడు హెరెస్‌లో జరిగిన నాలుగు రోజుల టెస్టులో మెర్సిడెస్ 309 ల్యాప్‌లు తిరిగింది. అంతకుముందు నాలుగేళ్లూ చాంపియన్‌గా నిలిచిన రెడ్ బుల్ తిరిగినవి 21. సీజన్‌లో 19 రేసులుంటే 16 మెర్సిడెస్ గెలిచింది. మరుసటి ఏడాది హోండా ఇంజిన్‌తో వచ్చిన మెక్‌లారెన్ హెరెస్‌లో నాలుగు రోజులకు 79 ల్యాప్‌లే తిరగగలిగింది, ఏడాది చివర తొమ్మిదో స్థానంలో మిగిలింది. కారు ఆగిపోయినా, పొగ వచ్చినా, గ్యారేజీ తలుపులు గంటలకొద్దీ మూసి ఉన్నా అది నటన కాదు. పరీక్షకు దొరికే సమయమే అతి తక్కువైనప్పుడు దాన్ని కావాలని పారబోసుకునే జట్టు ఉండదు.

అయినా అభిమానులు దీన్ని నమ్మడానికి ఇష్టపడరు. 2022 దీనికి మంచి ఉదాహరణ, కాస్త ఆగి చూడదగ్గది. ఆ ఏడు నియమాలు మారి, కారు అడుగుభాగం నుంచే ఎక్కువ పట్టు రాబట్టే పద్ధతి తిరిగొచ్చింది. వేగం పెరిగేకొద్దీ ఆ అడుగుభాగం కారును కిందికి లాగుతుంది. మరీ కిందికి వచ్చాక గాలి ప్రవాహం తెగి కారు పైకి లేస్తుంది, పట్టు మళ్లీ దొరికి కిందికి దిగుతుంది. నేరు దారిలో కార్లు అలా ఎగిరెగిరి పడటం బార్సిలోనాలోనే అందరికీ కనిపించింది. బహ్రెయిన్‌కు మెర్సిడెస్ పక్కభాగాలు దాదాపు లేనంత సన్నగా మలిచిన కారు తెచ్చింది. ఎక్కువగా ఎగిరినవాటిలో అదొకటి. ఈ కారుతో ప్రస్తుతానికి గెలవలేమని హామిల్టన్ చెప్పినా చాలామంది నమ్మలేదు. ఎనిమిదేళ్లు వరుసగా జట్ల టైటిల్ గెలిచినవాళ్లు నాటకమాడుతున్నారనీ, మొదటి రేసులో ముసుగు తీస్తారనీ అన్నారు. ముసుగేమీ లేదు. ఆ ఏడాది మొత్తంలో మెర్సిడెస్‌కు దక్కింది ఒకే ఒక్క గెలుపు, అదీ నవంబరులో బ్రెజిల్‌లో జార్జ్ రసెల్‌ది. జట్టు చరిత్రను బట్టి కాక, కళ్లముందు ఎగిరిపడుతున్న కారును బట్టి మాట్లాడినవాళ్ల మాటే నిజమైంది.

ఇబ్బంది కనిపించకపోతే వేగం ఉన్నట్టా? కాదు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. 2001 సీజన్‌కు ముందు చలికాలపు పరీక్షల్లో ప్రోస్ట్ జట్టు కార్లు పట్టిక పైభాగాన మెరిశాయి. డబ్బుకు కటకటలాడే జట్టు స్పాన్సర్ల కంట పడటానికి తేలికైన కారుతో తీసే పరుగులను గ్లోరీ రన్ అంటారు. ఆ జట్టు ఏడాదంతా కలిపి నాలుగు పాయింట్లు సాధించి, 2002 మొదట్లోనే మూతపడింది. 2009 మార్చిలో బ్రాన్ జట్టు బార్సిలోనాకు వచ్చి అందరికన్నా వేగంగా తిరిగినప్పుడు ఈ జ్ఞాపకమే చాలామందిని వెనక్కి లాగింది. హోండా వదిలేసి వెళ్లిన జట్టు, కారు మీద స్పాన్సర్ల పేర్లు కూడా దాదాపు లేవు, కనుక ఇదీ గ్లోరీ రనే అన్నారు. కానీ ఆ వేగం ఒక్క ల్యాప్‌తో పోలేదు, ప్రత్యర్థి డ్రైవర్లే బహిరంగంగా దాన్ని ఒప్పుకున్నారు. పైగా కారు వెనక భాగంలో, అడుగునుంచి గాలిని బయటికి పంపే డబుల్ డిఫ్యూజర్ రూపంలో ఆ వేగానికి కంటికి కనిపించే కారణం ఉంది. మెల్‌బోర్న్‌లో బ్రాన్ కార్లు మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి, జెన్సన్ బటన్ ఆ ఏడు చాంపియన్ అయ్యాడు. నా దృష్టిలో ఈ రెండు సందర్భాల మధ్య తేడాను పట్టుకోవడమే ఈ విద్యలో అసలైన మెళకువ. వేగం ఎన్ని ల్యాప్‌లు నిలిచింది, దానికి కారులో కారణం కనబడుతోందా అన్న రెండు ప్రశ్నలు వేయనిదే మూడో మాట మాట్లాడకూడదు.

శాండ్‌బ్యాగింగ్, అంటే ఉన్న వేగాన్ని కావాలని తక్కువ చేసి చూపడం, ఉన్నంతకాలం ఈ లెక్కలన్నీ వట్టివేనన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఒకప్పుడు దానికి బలం ఉండేది. జట్లు ఏడాది పొడవునా పరీక్షలు చేసుకునే రోజుల్లో నాటకానికి సమయం ఉండేది. 2009 నుంచి సీజన్ మధ్యలో పరీక్షలపై ఆంక్షలు వచ్చాయి. 2023 నుంచి 2025 వరకు సీజన్‌కు ముందు దొరికింది మూడంటే మూడు రోజులు, జట్టుకు ఒకే కారు. రోజుకు సుమారు ఎనిమిది గంటలు, ఇద్దరు డ్రైవర్లు పంచుకోవాలి. మొత్తం మీద ఒక్కొక్కరికి దాదాపు పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటల్లో రేసు బరువుతో, రేసు టైర్లతో తిరిగి చూసుకోకపోతే మొదటి రేసులో నష్టపోయేది తామే. ఒక్క ల్యాప్ వేగాన్ని చివరి మలుపులో బ్రేక్ వేసి దాచుకోవచ్చు, దాచుకుంటారు కూడా. రేసు దూరపు పరుగును దాచుకోవాలంటే దాన్ని తీయకుండా ఉండాలి.

2019 అభ్యంతరం ఇంకా బరువైంది. అప్పుడు ఫెరారీ వేగంగా కనిపించింది, అయినా మెల్‌బోర్న్‌లో ఓడింది. నిజమే. అయితే ఆ పొరపాటు అభిమానులది మాత్రమే కాదు. ఫెరారీ బహుశా అర సెకను ముందుందని హామిల్టనే అన్నాడు. అన్ని కొలతలూ చేతిలో ఉన్న జట్లే అలా అంచనా వేశాయంటే, అది అభిమానుల తెలివితక్కువతనం అనలేం. మెర్సిడెస్ రెండో టెస్టుకు కారు గాలితీరును మార్చి తెచ్చింది, ఆ మార్పు ఫలితం పూర్తిగా పండింది మెల్‌బోర్న్‌లో. ఇంకోవైపు, ఫెరారీ వేగం పూర్తిగా అబద్ధమూ కాదు. రెండో రేసులో, బహ్రెయిన్‌లో, చార్లెస్ లెక్లెర్ పోల్ నుంచి బయల్దేరి రేసును నడిపించాడు, ఇంజిన్ ఇబ్బంది వల్లే మూడో స్థానానికి జారాడు. ఒక సర్క్యూట్‌లో చూసిన బలం మరో సర్క్యూట్‌కు యథాతథంగా వెళ్లదన్నదే 2019 చెప్పిన సంగతి.

హైదరాబాద్ ప్రేక్షకులకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ సీజన్‌కు ముందు వాలెన్సియాలో జరిగిన పరీక్షల్లో మసరాటీ డ్రైవర్ మాక్సిమిలియన్ గుంటర్ అందరికన్నా వేగంగా కనిపించాడు. కానీ మెక్సికోలో మొదటి రేసు జేక్ డెన్నిస్ గెలిచాడు, హైదరాబాద్‌లో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. విద్యుత్ కార్ల రేసులో బ్యాటరీలో మిగిలిన శక్తిని ఎంత పొదుపుగా వాడారన్నదే ముఖ్యం. పరీక్షలో ఒక్క ల్యాప్ వేగానికి ఆ పొదుపుతో సంబంధం లేదు.

2026 నుంచి ఫార్ములా వన్‌కూ ఈ ప్రశ్న మరింత దగ్గరైంది. కొత్త నియమాల్లో శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచి రావాలి. ఇంధనం, టైర్లకు తోడు బ్యాటరీని ఎక్కడ ఎంత ఖర్చుపెట్టారన్నది మరో గుట్టుగా చేరింది. ఒక్క ల్యాప్ కోసం బ్యాటరీని పూర్తిగా ఊడ్చి పట్టికలో పైకెక్కవచ్చు. కానీ పరుగు మధ్యలో బయటి నుంచి విద్యుత్తు నింపే వీల్లేదు కనుక, ఇరవై ల్యాప్‌ల పరుగులో వాడుకున్నంతా కారే తిరిగి సంపాదించుకోవాలి. కొత్త కార్లను చూసేవాళ్లు ఇకమీదట లాంగ్ రన్‌లో ల్యాప్ సమయంతోపాటు నేరు దారి చివర వేగాన్ని కూడా పక్కన రాసుకోవాలి. పదో ల్యాప్ నుంచి అక్కడ వేగం పడిపోతుంటే, ఆ కారు తను సంపాదించిన దానికన్నా ఎక్కువ ఖర్చుపెడుతోందని అనుమానించడానికి ఆధారం దొరికినట్టే.