తార్నాకలో దిగేలోపు

కృష్ణానగర్‌లో తయారవడం అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. తెల్లారకముందే షూటింగ్ బండి ఎక్కే జూనియర్ ఆర్టిస్టు ముందుగా అడిగేది పెళ్లి సీనా, కోర్టు సీనా అని. దాన్ని బట్టే బట్టలు, దాన్ని బట్టే నడక. ఎందుకు నిలబడ్డామో తెలియకపోతే ఎంత గెటప్ వేసినా సీను పండదు. అవే వీధుల గదుల్లో, హాస్టళ్లలో డిగ్రీలూ పీజీలూ చేసినవాళ్లు బోలెడుమంది. వాళ్లకీ, చదువైపోయి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే పిలుపు ఒకటుంది: విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సమ్మేళనం. ఆ పిలుపుకు మనం చేసే తయారీ మాత్రం ఉత్త గెటప్ తయారీ. వాట్సాప్‌లో పడుకున్న బ్యాచ్ గ్రూపు లేస్తుంది. ఒకే రంగు చొక్కాలా, ఎవరి ఇష్టం వాళ్లదా అని రెండు రోజులు చర్చ. శాలువాలు ఎన్ని, మెమెంటోలు ఎన్ని, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద గ్రూప్ ఫొటో ఎన్నింటికి అన్నీ తేలిపోతాయి. ఎందుకు వెళుతున్నాం అన్నది మాత్రం ఎవరూ అడగరు.

విశ్వవిద్యాలయం తన విద్యార్థి గురించి చాలా సంగతులే దాచుకుంటుంది. హాల్ టికెట్ నంబరు, మార్కులు, ఫీజు బకాయి, టీసీ తీసుకున్న తేదీ. టీసీ చేతిలో పెట్టడంతో ఆ ఫైలు మూసేస్తారు. అసలు పరీక్ష మొదలయ్యేది ఆ మర్నాటి నుంచి. నేర్పింది ఎక్కడ అక్కరకొచ్చింది, ఎక్కడ చెయ్యిచ్చింది అన్న ఫలితం ఏ పరీక్షల విభాగంలోనూ దొరకదు. చదువుకున్నవాడి జీవితంలోనే ఉంటుంది. అందుకే సమ్మేళనానికి తయారవడమంటే ఆ లెక్కను ఒక పేజీలో రాసి వెంట తీసుకెళ్లడమని నా వాదన. చదివే రోజుల్లో పాఠం ఒప్పజెప్పాం, ఇప్పుడు ఒప్పజెప్పాల్సింది లెక్క. అత్తారింటికొచ్చిన అల్లుడు మర్యాదలు చూసుకుంటాడు. పుట్టిన ఇంటికొచ్చిన కొడుకో కూతురో చెప్పులు విప్పుతూనే దూలానికి చెద పట్టిందా, నూతిలో నీళ్లున్నాయా అని చూస్తారు. మనం ఇన్నాళ్లూ అల్లుళ్లలాగే వెళ్లి వస్తున్నాం.

తయారీ లేకుండా వెళ్లడం మరెక్కడ చెల్లినా ఉస్మానియాలో చెల్లదు, ఎందుకంటే ఆ విశ్వవిద్యాలయం పుట్టిందే తయారీతో. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా 1917 నాటిది. తరగతులు మొదలైంది 1919లో. ఉన్నత చదువు ఉర్దూలో చెప్పాలనుకున్నారు, పాఠ్యపుస్తకాలు లేవు. అందుకని తరగతి గది కంటే ముందు 1917లోనే అనువాద విభాగం తెరిచి, పుస్తకాలు తర్జుమా చేయించే పని మొదలుపెట్టారు. మొదటి బ్యాచ్‌లో చేరింది 225 మంది. వాళ్లకోసం రెండేళ్ల ముందస్తు శ్రమ. ప్రాంగణం సంగతీ అంతే. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులను ముందు విదేశాలకు పంపి, అక్కడి విశ్వవిద్యాలయాలు ఎలా కట్టారో చూసి రమ్మన్నారు. ఆ తర్వాతే బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ చేయి పడింది. 1934లో పునాది వేసిన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో తెరుచుకుంది. మనం ఫొటో దిగే ఆ మెట్లు అంత కసరత్తు మీద నిలబడ్డాయి. అయితే ఆ తయారీలోనూ ఒక లెక్క తప్పింది. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగు బోధనాభాష కాలేదు. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. తమ భాష కాని భాషలో చదివి బయటపడినవాళ్లు ఏమయ్యారో కూర్చోబెట్టి అడిగితే, ఆ తప్పు ఎంత ఖరీదైనదో తెలిసేది.

ఆ ఖరీదు చూడాలంటే కృష్ణానగర్ నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే చాలు. తొంభైల చివర, వై2కే హడావిడిలో, ఆ బోర్డుల మీద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ ఉండేవి. తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్ వచ్చాయి. ఇప్పుడు పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్. డిగ్రీ పట్టా సంచిలో పెట్టుకుని వచ్చినవాళ్లు మళ్లీ ఫీజు కట్టి రెండు మూడు నెలలు కూర్చునే చోటు అది. మన విశ్వవిద్యాలయాల పనితీరు మీద ఇంతకంటే పెద్ద నివేదిక లేదు; గోడల మీదే వేలాడుతోంది కాబట్టి ఎవరూ చదవడం లేదు. అయితే ఆ బోర్డులన్నీ ఒకే మాట చెప్పవు. జావా, క్లౌడ్ లాంటివి పనిముట్లు. మూడేళ్లకోసారి మారే పనిముట్ల వెంట సిలబస్ పరుగెత్తలేదు, పరుగెత్తనూ కూడదు. వాటి పక్కనే స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులుంటాయి. పదిహేనేళ్లు చదివిన మనిషి నలుగురిలో నోరు విప్పడానికి విడిగా డబ్బు కట్టి నేర్చుకోవడం సాంకేతిక మార్పు వల్ల వచ్చిన కొరత కాదు. ఏది కాలం తెచ్చిన ఖాళీ, ఏది కాలేజీ వదిలేసిన ఖాళీ అన్నది విడదీసి చెప్పగలిగేవాడు ఆ ఫీజు కట్టినవాడే. ఆ పేజీలో మొదటి సగం ఇదీ: డిగ్రీ అయ్యాక నేను మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చిన చదువు ఏమిటి?

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. విశ్వవిద్యాలయమంటే కోచింగ్ సెంటర్ కాదు, ఉద్యోగం ఒక్కటే కొలబద్ద అయితే సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం ఏమైపోవాలి అంటారు. నిజమే. అందుకే పేజీలో రెండో సగం ఉండాలి: ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేనిది క్యాంపస్ నాకేమిచ్చింది? ఉస్మానియా గ్రంథాలయంలో దాదాపు అయిదు లక్షల పుస్తకాలు, ఆరు వేలకు పైగా రాతప్రతులు ఉన్నాయి. అందులో తాళపత్రాలూ ఉన్నాయి. అడగని పుస్తకం చేతికి తగలడం, హాస్టల్ మెస్‌లో పక్క జిల్లావాడి యాసకు అలవాటుపడటం, నచ్చని మాట అన్నవాడితో వాదించి మళ్లీ అతనితోనే టీ తాగడం మూడు నెలల కోర్సులో దొరకవు. ఆ చదువు తర్వాత జీవితంలో ఎక్కడ ఆదుకుందో రాసిపెట్టకపోతే, ఉద్యోగాలు రావడం లేదన్న మాట పట్టుకుని ఆ విభాగాలను ఎత్తేయడం ఎవరికైనా సులువు. రెండో సగం రాసినవాడు చరిత్ర శాఖ తరఫున సాక్ష్యం చెప్పినట్టే.

సాక్ష్యం ఎవరు చెప్పాలి అన్నది తర్వాతి చిక్కు. సమ్మేళనం ఆహ్వానపత్రాల్లో, ప్రసంగాల్లో మెరిసే పేర్లు మనకు తెలిసినవే. అడోబీని ఏళ్లపాటు నడిపిన శంతను నారాయణ్, రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన వై.వి. రెడ్డి, క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే. గర్వించదగ్గవాళ్లే, కాదనను. కానీ పండిన పొలం మాత్రమే చూసి విత్తనం మంచిదనడం వ్యవసాయం తెలిసినవాళ్ల పద్ధతి కాదు. ఎండిపోయిన మడిలో ఏమైందో కూడా చూడాలి. డిగ్రీ ఉండి జూనియర్ ఆర్టిస్టుగా రోజు కూలీకి వెళ్లేవాడు, పోటీ పరీక్షలకు ఏడెనిమిదేళ్లు రాసి వయసు దాటిపోయినవాడు, సర్టిఫికెట్ మీద ఉస్మానియా ముద్ర ఉన్నా అనుబంధ కాలేజీలో చదవడం వల్ల క్యాంపస్‌లో ఒక్క పాఠమూ విననివాడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి అని ఆగిపోతారు. ఆ సిగ్గు వాళ్లది కాదు. లోపం పిలుపు రాసినవాళ్లది. 1982లో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, ఇప్పుడు కృష్ణానగర్‌కు దగ్గర్లో జూబ్లీహిల్స్‌లో ఉన్న అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లకు హాస్టల్ ముచ్చట్లు ఉండవు. పని చేసుకుంటూ చదివారు కాబట్టి లెక్క మాత్రం పక్కాగా ఉంటుంది. ఉస్మానియా చేతే వద్దనిపించుకున్నవాళ్లూ ఉన్నారు. 1938లో వందేమాతరం పాడినందుకు వందలాది మంది విద్యార్థులను చదువులోంచి పంపేస్తే, నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. వెళ్లగొట్టిన సంస్థ గురించి అలాంటివాళ్లు చెప్పగలిగే మాట, శాలువా కప్పించుకున్నవాళ్లు చెప్పలేరు.

మనం రాస్తాం సరే, చదివేదెవరు అన్నది ఇంకో అభ్యంతరం. సమ్మేళనాలు నాక్ (విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే సంస్థ) మార్కుల కోసమేనని, విరాళాల కోసమేనని పెదవి విరిచేవాళ్లకు కొంత ఆధారం లేకపోలేదు. నాక్ మదింపులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి విడిగా చోటుంది. అయితే అదే మదింపు, సిలబస్ మీద పూర్వ విద్యార్థుల అభిప్రాయం తీసుకున్నారా అని కూడా అడుగుతూ వచ్చింది. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక పూర్వ విద్యార్థి ఉండాలన్నది యూజీసీ నిబంధన. అంటే కుర్చీ వేసే ఉంది. ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువై, దాంట్లో కూర్చోవడానికి కాగితం పట్టుకొచ్చేవాళ్లు కరువయ్యారు. విరాళం మాటకొస్తే, 2023లో నందన్ నీలేకని ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ఇచ్చారు. మంచిదే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్లలో అత్యధికులు బడిపంతుళ్లు, గుమస్తాలు, చిరుద్యోగులు. వాళ్లను ఆ తూకంలో పెట్టడం అన్యాయం. పైగా ఉస్మానియాలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఆ ఖాళీలు నింపాల్సింది ప్రభుత్వం, చందాలు కాదు. చందా ఇచ్చి సరిపెట్టుకున్నవాడి కంటే, పాఠం చెప్పే మనిషి లేక నా బ్యాచ్ ఏం నష్టపోయిందో ఇదిగో అని రాసిచ్చినవాడు ఆ నియామకాలకు ఎక్కువ మేలు చేస్తాడు.

చివరి అభ్యంతరం అన్నింటికంటే మానవీయమైనది. ముప్పై ఏళ్లకు ఒకసారి కలుస్తాం, ఆ ఒక్కరోజూ నవ్వుకోనివ్వకుండా ఈ లెక్కల గోలేమిటి? నవ్వుకోవద్దని ఎవరన్నారు? 2017 ఏప్రిల్ 26న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలను ప్రారంభించినప్పుడు, నూరేళ్ల సంస్థకు మూడు రోజుల పండగ అక్కరలేదని ఎవరూ అనలేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ నూరేళ్ల పండగ వచ్చింది. అక్కడికి వెళ్లేవాళ్లకూ నేను చెప్పేది ఇదే. పేజీ రాయడానికి అరగంట పడుతుంది, ఫొటోకు పోజు కుదరడానికి పట్టేంతే. పైగా జ్ఞాపకాలు కూడా కాగితం మీద పెడితేనే నిలుస్తాయి. నోటితో చెప్పుకున్నవి మెస్ సాంబారు దగ్గర మొదలై మెస్ సాంబారు దగ్గరే ఆగిపోతాయి.

కృష్ణానగర్ పక్కనున్న యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే, ఉస్మానియాకు దిగాల్సిన తార్నాక పదో స్టేషన్. అమీర్‌పేటలో రైలు మారనక్కర్లేదు. తెలుగులోనే రాయండి. ఏ శాఖలో, ఏ ఏడు చదివారో పైన పెట్టండి. కింద రెండు సగాలు: మళ్లీ కొనుక్కున్న చదువు, ఇంకెక్కడా దొరకని చదువు. పొగడ్తా వద్దు, తిట్టూ వద్దు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి శాఖాధిపతి చేతికిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. గ్రూప్ ఫొటో ఆ తర్వాత.