లీజుకు తీసుకున్న అడ్రస్

నారాయణఖేడ్‌లో ఒక ఇంటికి ఫైబర్ వైరు ఒకటే వస్తుంది. దాని మీదే టీవీ, ఫోన్లు, రెండు ఎక్స్‌బాక్స్‌లు నడుస్తాయి. ఏ ప్యాకెట్ ఎవరిదో తేల్చి అందించేది గోడకున్న రౌటర్. దాని పనితనాన్ని అంచెలంచెలుగా చూడాలి.

ఎక్స్‌బాక్స్ లాంటి కొత్త గేమ్ కన్సోల్‌కు మొదట ఐపీ అడ్రస్ ఉండదు. ఫ్యాక్టరీలో ఇచ్చిన 48 బిట్ల మ్యాక్ నంబరే ఉంటుంది. అడ్రస్ లేకుండా అడ్రస్ అడగడం ఎలా? అడ్రస్‌లు పంచే పద్ధతి అయిన డీహెచ్‌సీపీ దీనికి చక్కని దారి చూపింది. తన అడ్రస్‌ను 0.0.0.0గా చెప్పుకుని, 255.255.255.255కు, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో అందరికీ వినిపించేలా కన్సోల్ అడుగుతుంది. 192.168.1.7 ఖాళీగా ఉందని రౌటర్ చెబుతుంది. అదే కావాలని కన్సోల్ మళ్లీ అందరికీ వినిపించేలా అంటుంది. ఇంకెవరైనా అడ్రస్ ఇవ్వజూపి ఉంటే వారు దాన్ని వెనక్కి తీసుకోవడానికే ఈ జాగ్రత్త. రౌటర్ ఖాయం చేస్తుంది. నాలుగు మాటల్లో పని పూర్తి.

ఆ అడ్రస్ లీజుకే. మామూలుగా గడువు సగం కాగానే కన్సోల్ అదే రౌటర్‌ను పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే, ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక అందరినీ అడుగుతుంది. అందుకే ఆట మధ్యలో అడ్రస్ జారిపోదు.

192.168తో మొదలయ్యేవి 65,536 అడ్రస్‌లు. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమ పత్రం వీటిని లోపలి నెట్‌వర్క్‌ల కోసమే ఉంచింది. నారాయణఖేడ్‌లోనూ జహీరాబాద్‌లోనూ ఒకే నంబరు ఇల్లు ఉన్నట్టే, ఈ అడ్రస్‌లు ప్రతి ఇంట్లోనూ ఉండవచ్చు. 1981 నాటి అడ్రస్ పద్ధతి ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు సుమారు 429 కోట్లే కాబట్టి ఈ పొదుపు అవసరమైంది.

ప్యాకెట్ గడప దాటేటప్పుడు, అడ్రస్‌లు మార్చే నాట్ పని మొదలవుతుంది. ప్యాకెట్ మీది లోపలి అడ్రస్ తీసి రౌటర్ తన బయటి అడ్రస్ రాస్తుంది. తప్పులు పట్టే చెక్‌సమ్‌నూ అందుకు తగ్గట్టు సవరిస్తుంది. ఏది ఎవరిదో పట్టికలో నమోదు చేస్తుంది. ఒకే అడ్రస్‌లో ఏ ప్రోగ్రామ్‌కో చెప్పే నంబరు పోర్టు; రెండు ఎక్స్‌బాక్స్‌లూ 3074 పోర్టునే వాడితే, రెండోదానికి బయట వేరే పోర్టు నంబరు ఇస్తుంది. జవాబు రాగానే పట్టిక చూసి సరైన కన్సోల్‌కే చేరుస్తుంది.

పట్టికలో లేని ప్యాకెట్‌ను రౌటర్ లోపలికి రానివ్వదు. మరి హైదరాబాద్ స్నేహితుడితో నేరుగా ఆడేదెలా? గేమ్ సర్వర్ ఇద్దరికీ ఒకరి బయటి అడ్రస్, పోర్టు మరొకరికి చెబుతుంది. ఇద్దరి కన్సోళ్లూ ఒకేసారి ఎదుటివారికి ప్యాకెట్లు పంపుతాయి. అవి బయటికి వెళ్తూనే తమ తమ రౌటర్ పట్టికల్లో వరుస రాయిస్తాయి. ఆ తర్వాత అవతలి నుంచి వచ్చేది ఎదురుచూస్తున్న జవాబుగా లోపలికి వస్తుంది. ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అని తెర మీద కనిపించే నాట్ రకం ఈ రాకపోకలు ఎంత సులువుగా సాగుతాయో చెప్పే కొలతే.

ఇందులో ఏ ఒక్క భాగానికీ దారి మొత్తం తెలియనక్కర్లేదు. కన్సోల్‌కు రౌటర్ తెలిస్తే చాలు. రౌటర్‌కు తన పట్టిక, తర్వాతి మజిలీ తెలిస్తే చాలు. ఎవరి వంతు పని వారికి ఇంత కచ్చితంగా పంచారు కాబట్టే, 1981 నాటి అడ్రస్ పద్ధతి మీద నారాయణఖేడ్‌లో ఆట ఈనాటికీ నడుస్తోంది.