అగస్టీను ఒప్పుకోలు: ఒక విమర్శ

మన వాడుకలో “మతము పుచ్చుకొనుట” యను మాట యొకటి కలదు. ఒకడు చేయిచాచి యిచ్చుటయు, వేఱొకడు చేయిచాచి పుచ్చుకొనుటయు నందు స్ఫురించును. ఇచ్చినవాడెవడు, పుచ్చుకొన్నవానికి లాభమేమి అను ప్రశ్నలు వెంటనే పుట్టును. ఈ ప్రశ్నలు వ్యర్థములని మేమనము. కాని మతము మార్చుకొన్నవాని మనస్సులో నేమి జరిగెనని యడుగువారు తక్కువ. ఆ సంగతిని తానే సవిస్తరముగా జెప్పిన ప్రాచీన క్రైస్తవులలో అగ్రగణ్యుడు అగస్టీను. అతని “కన్ఫెషన్సు” అను గ్రంథమును ఈ దృష్టితో విమర్శించుటయే మా యుద్దేశము. లాటిను భాషాపరిచయము లేని మేము ఆంగ్లానువాదముల ద్వారముననే దీనిని చదివితిమి. కావున శైలిని విడిచి విషయమును గూర్చియే ముచ్చటించెదము.

అగస్టీను 354వ సంవత్సరమున ఉత్తరాఫ్రికాలోని తగాస్తె యను చిన్న పట్టణమున జన్మించెను. తల్లి మోనికా క్రైస్తవురాలు. తండ్రి చిరకాలము పూర్వాచారముననే యుండి, అవసానదశలో బాప్తిస్మము పొందెను. కుమారుడు వక్తృత్వశాస్త్రోపాధ్యాయుడై కార్తేజిలోను రోములోను బోధించి, 384లో మిలాను నగరమున గొప్ప యుద్యోగము సంపాదించెను. 386లో అచటి యొక తోటలో నతని మనస్సు తిరిగెను. 387 ఈస్టరు పండుగకు అంబ్రోసు బిషప్పు చేతిమీదుగా బాప్తిస్మము పొందెను. గ్రంథము వ్రాసినది మాత్రము పదేండ్లు గడచిన పిమ్మట, హిప్పో పట్టణమున తానును బిషప్పైన తరువాత. గ్రంథనామమునకు లాటినులో దోషమును ఒప్పుకొనుట యనియు, దైవమును స్తుతించుట యనియు రెండర్థములు కలవు. పదుమూడు భాగముల యీ గ్రంథమున మొదటి తొమ్మిదియు ప్రధానముగా స్వీయచరిత్రము.

ఈ గ్రంథముయొక్క ప్రథమ గుణము, మార్పు ఒక్క దినమున వచ్చినదికాదని చూపుట. పందొమ్మిదవ యేట సిసిరో గ్రంథమును చదివి జ్ఞానకాంక్ష పొందుట, తొమ్మిదేండ్లు మానికేయ మతమును వెంబడించుట, దానియందు విశ్వాసము సడలి సంశయమున గొట్టుకొనుట, అంబ్రోసు ప్రసంగములను వినుట, ప్లేటో మతస్థుల గ్రంథములను చదువుట, ఇవి యన్నియు మెట్లవలె వరుసగా వచ్చును. విక్టోరినుసు అను వృద్ధపండితుడు రోములో బహిరంగముగా విశ్వాసమును ప్రకటించిన వృత్తాంతమును ఒకరు చెప్పిరి. అంతోనీ యను తపస్వి కథను వేఱొకరు చెప్పిరి. బుద్ధికి సందేహములు తీరిపోయినను అలవాటు విడువదయ్యెను. కోరువాడును తానే, వలదనువాడును తానే. ధర్మమెఱిగియు నాచరింపలేని దుర్యోధనుని స్థితి మన వారెఱిగినదే గదా! ఆ స్థితిని లోపలినుండి యింత సూక్ష్మముగా విప్పిచెప్పిన రచన అరుదు. ఎనిమిదవ భాగము ఈ కారణముననే చిరస్థాయి.

లాభాపేక్షను గూర్చియు నొకమాట. 380లో తెయొదోసియుసు చక్రవర్తి శాసనము వలన క్రైస్తవమునకు రాజాదరణము స్థిరపడియుండెను. కావున అగస్టీను హింసలకోర్చి మతము మారినవాడని చెప్ప వీలులేదు. ఐనను అతడు ఉద్యోగమును, ధనికవివాహమును విడిచిపెట్టెను. అతని పరివర్తనము బేరము కాదనుటకు ఈ నిదర్శనము చాలును.

అయితే తోటలో జరిగిన ఘట్టమును యథాతథముగా నమ్మవచ్చునా? అత్తిచెట్టు క్రింద అతడు విలపించుట, పొరుగింటినుండి యొక పసిగొంతు గ్రంథమును తీసి చదువుమనుట, పౌలు పత్రికను తెఱచి చదివినంతనే సంశయములు తొలగుట: ఇవి 386–387లలో నతడు వ్రాసిన సంవాదములలో ఈ రూపమున కానరావు. 386లో నతడు చేరినది సువార్తకంటె నవీన ప్లేటోమతమునకే యని అల్ఫారిక్ అను ఫ్రెంచి పండితుడు 1918లో వాదించెను. తోటఘట్టమున కావ్యకల్పన కలదని కూర్సెల్ 1950లో వాదించెను. మా తలంపున నీ వాదములు గ్రంథమును కొట్టివేయజాలవు. బిషప్పు పదేండ్ల వెనుకటి తన్ను జ్ఞాపకముచేసికొనుచు, ఆ జ్ఞాపకమునకు అర్థము కల్పించుచున్నాడు. మనము చదువునది ఆనాటి దినచర్య కాదని యెఱిగి చదివిన చాలును.

మా యాక్షేపణ వేఱొకచోట కలదు. యౌవనారంభమునుండి పదేండ్లకు పైగా అతనితో కాపురము చేసి, అదెయొదాతుసు అను కుమారుని గన్న స్త్రీ యొకతె కలదు. ధనికకన్యతో వివాహము కుదుర్చుటకై ఆమెను ఆఫ్రికాకు పంపివేసిరి. ఆమె మఱియొక పురుషునెఱుగనని వ్రతముపట్టి, బిడ్డను తండ్రియొద్ద విడిచి పోయెను. కుదిర్చిన కన్యకో, ఆనాటి చట్టము చెప్పిన పండ్రెండేండ్లు నిండుటకు ఇంక రెండేండ్లు కొఱత! ఆ గడువును ఓర్వలేక అతడు మఱియొక స్త్రీని చేరదీసెను. తన హృదయము గాయపడెనని అగస్టీను దాచక వ్రాసెను. ఆమె గాయమును గూర్చి వ్రాయలేదు. ఆమె పేరైనను వ్రాయలేదు. బుద్ధుడు విడిచిపోయిన యశోధర పేరు మనకు దక్కినది. ఈమెకు అదియు లేదు. కౌమారదశలో పేరపండ్లు దొంగిలించిన పాపమును అంత విస్తరించి విచారించినవాడు ఈ యన్యాయమును కొన్ని వాక్యములలో ముగించుట గ్రంథములోని పెద్దలోపము. పశ్చాత్తాపము దైవమువంక మాత్రమే చూచి, నష్టపడిన మనుష్యునివంక చూడకున్నచో అది సంపూర్ణము కానేరదు.

రెండవ యాక్షేపణ గ్రంథకర్త యుత్తరజీవితమునకు సంబంధించినది. ఆఫ్రికాలో దొనాతుసు పక్షమువారను వేఱు క్రైస్తవసంఘము వారుండిరి. వారిని ఒప్పించి తేవలెను గాని నిర్బంధింపరాదని అగస్టీను మొదట తలచెను. 405లో రాజశాసనము పుట్టిన పిమ్మట అభిప్రాయము మార్చుకొని, శిక్షాభయమున తన జన్మస్థలమే సంఘైక్యమునకు వచ్చెనని 408 ప్రాంతమున వ్రాసిన లేఖలో నిదర్శనము చూపెను. అతడు మరణదండనను వ్యతిరేకించెననుట నిజమే. ఐనను ఏండ్ల తరబడి తన మనస్సును తానే జయింపలేకపోయినవాడు, ఇతరుల మనస్సులు జుల్మానాలకు లొంగి నిజముగా మారునని యెట్లు నమ్మెను? తరువాతి శతాబ్దములలో బలవంతపు మతప్రవేశములను సమర్థించినవారికి ఈ లేఖలు ఆధారమయ్యెను. వారికి ప్రత్యుత్తరము వేఱొకచోట వెదకనక్కరలేదు. ఎనిమిదవ భాగమే చాలును.

కావున ఈ గ్రంథమును ఇంట చదువదగినదనియే మా యభిప్రాయము. తమ పిల్లలో, తోబుట్టువులో వేఱొక విశ్వాసమునకు మరలినప్పుడు కోపముతోగాని, భయముతోగాని యిల్లు మూసికొను తల్లిదండ్రులు దీనిని చదివినచో, మారినవాని హృదయమున ఎన్నియేండ్ల ప్రశ్నలు పేరుకొనియుండవచ్చునో గ్రహింతురు. క్రొత్తవిశ్వాసమున చేరినవారు చదివినచో, తమ మార్పువలన నష్టపడినవారి పేర్లనైన మఱవరాదని గ్రహింతురు.